గురువారం బండి

మెడపట్టీ కట్టుకొని నేను చెప్పిన మొదటి అబద్ధం, అన్నం తిన్నానని.

ఆ పట్టీని తయారుచేయించిన హైమవతి మేడం బల్లకు అవతల కూర్చొని, "పొద్దున ఏమైనా తిన్నావా నవనీతా?" అని అడిగారు. నేను తినలేదు. తిన్నానని చెప్పాను. బల్ల మీద చిన్న పెట్టెలో పసుపు దీపం వెలిగింది. ప్రయోగశాలలో ఉన్న నలుగురూ చప్పట్లు కొట్టారు. మేడం నవ్వుతూ నా కోసం ఇడ్లీలు తెప్పించారు.

ఆ పెట్టెకు మనిషి మనసు తెలియదు. చెప్పబోయిన మాటను మనం ఆపుకున్నప్పుడు గొంతు ఒక్క క్షణం బిగుస్తుంది. మెడకు కట్టిన నల్ల పట్టీ ఆ బిగువును పట్టుకుంటుంది. ఆగింది ఏ మాటో దానికి తెలియదు. ఒక మాట ఆగిందని మాత్రం దీపం చెబుతుంది.

ఆ మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లాక నేను మళ్లీ పట్టీ కట్టుకున్నాను. "పొద్దున అన్నం తిన్నాను" అని వరసగా అంటూ పోయాను. మొదట ప్రతిసారీ దీపం వెలిగింది. తర్వాత అప్పుడప్పుడూ వెలిగింది. నలభైసార్లు దాటాక వెలగడం మానేసింది. నా గొంతులో ఆపుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆ మాట నాకు పాఠంలా వచ్చేసింది.

మేడం తిరిగి వచ్చాక చెబుదామనుకున్నాను. ఆమె ఫోనులో ఎవరితోనో, "పనిచేసింది, నా కళ్లతో చూశాను" అని చిన్నపిల్లలా సంబరపడుతున్నారు. ఎవరైనా అడిగితే చెబుదాంలే అనుకున్నాను. ఎవరూ అడగలేదు.

*

ఆ పెట్టె తయారు కావడానికి ముందు రెండేళ్లు మేడం దగ్గర నా ఉద్యోగం మూలన కూర్చోవడం. హనుమకొండ చుట్టుపక్కల ఆరోగ్య కేంద్రాల్లో, డాక్టరు గదిలో, ఒక స్టూలు మీద నోటుబుక్కు పట్టుకొని కూర్చునేదాన్ని. లోపలికి వచ్చిన ఆడవాళ్లు ఏం చెప్పారో రాయడం కాదు నా పని. ఎక్కడ ఆగారో రాయడం. మా ఊరి బడిలో వెనక గోడకు ఆనుకొని పదేళ్లు చదివినదాన్ని. చూస్తూ కూర్చోవడం నాకు బాగా వచ్చు.

మగ డాక్టరు ముందు మా ఆడవాళ్లకు ఏ బాధైనా కడుపునొప్పే. తెల్లబట్టైనా కడుపునొప్పే, నెల తప్పినా కడుపునొప్పే. డాక్టరు ఒకటి అడిగితే గోడ మీది క్యాలెండరు చూస్తారు. జవాబు పక్కన నిలబడ్డ అత్త చెబుతుంది. ఆడ డాక్టరు దగ్గర ఎక్కువ చెబుతారు. అది నిజమే. కానీ "ఇన్ని రోజులు నిద్రపోయినవా?" అని కసిరే ఒక డాక్టరమ్మ దగ్గర, మగ డాక్టర్ల దగ్గర ఆగినన్ని మాటలూ ఆగిపోయేవి.

మా ఊరు ఎదులవాయి కేంద్రంలో డాక్టరు ముకుందం గారిది ఇంకో పద్ధతి. ఆయన ప్రతి ప్రశ్నా రెండుసార్లు అడిగేవారు. మొదటిసారి చీటీ మీద రాస్తూనే అడిగేవారు. ఆడమనిషి "ఏం లేదు సారు" అనేది. అప్పుడాయన పెన్నుకు మూత పెట్టి, బల్ల మీద పక్కకు ఉంచి, "ఇంకోసారి అడుగుతున్నా తల్లీ, ఏమనుకోకు" అనేవారు. ఆ రెండోసారికి చాలామంది క్యాలెండరు మీంచి చూపు తిప్పేవాళ్లు.

నేను నోటుబుక్కులో ‘పెన్ను మూత’ అని రాసి కింద రెండు గీతలు గీశాను. మేడం చదివి నవ్వారు.

"మంచి మాటే పట్టావు. కానీ మూడు వందల మంది డాక్టర్ల చేత పెన్నుకు మూత పెట్టించగలమా, చెప్పు? పెట్టె అయితే పెట్టించగలం."

మొదటి పెట్టె మా ఊరి కేంద్రానికే వచ్చింది. మెడపట్టీ చూసి ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు.

"పుస్తెలతాడు ఒకటి సాలదా సారూ, ఇంకోటి గడ్తున్నరు?"

"మా ఇంటాయనకు ఒక్కరోజు కట్టుండ్రి సారూ. మస్తు మాటలు దొర్కుతయ్."

దీపం వెలిగితే డాక్టరు గుచ్చి గుచ్చి అడగకూడదు. అది మేడం పెట్టిన నియమం. పేరు రాసి చీటీ ఇస్తారు. ప్రతి గురువారం ఒక తెల్ల బండి ఊళ్లోకి వచ్చి, చీటీ ఉన్నవాళ్లను పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోతుంది. మొదటి నెలలోనే ఒక పందొమ్మిదేళ్ల పిల్లకు దీపం వెలిగింది. ‘కడుపునొప్పి’ అని తప్ప ఇంకేం చెప్పలేదా పిల్ల. గర్భం సంచిలో కాకుండా గొట్టంలో నిలిచిందని పెద్దాసుపత్రిలో తేలింది. రెండు రోజులు ఆలస్యమైతే పిల్ల దక్కేది కాదన్నారు. ఆ వార్త విని మేడం కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. ఆ పెట్టె చెడ్డదని నేను ఇప్పటికీ అనను.

కానీ పెట్టె వచ్చిన కొన్ని వారాలకే ముకుందం గారు పెన్నుకు మూత పెట్టడం మానేశారు. రాస్తూ అడుగుతారు. దీపం వైపు చూస్తారు. వెలగకపోతే "మంచిది తల్లీ, తర్వాత ఎవరు?" అంటారు. అది నేను చూశాను. అప్పటికి నా నోటుబుక్కు ఎవరూ అడగడం లేదు. జవాబులన్నీ, గొంతులతో సహా, పెట్టే రికార్డు చేసుకుంటోంది.

ఊరు గురువారం బండిని చూడటం నేర్చుకుంది.

"ఇయ్యాల ఎవరెవరు ఎక్కిండ్రే?"

"కిరాణకొట్టు నర్సయ్య కోడలు ఎక్కింది. పసుపు దీపం వడ్డదట."

"ఏం దాసిందో ఏమో!"

*

అమ్మ పోయినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. నన్ను సాకింది బాలామణి వదిన. బీడీలు చుడుతూనే నాకు ఎక్కాలు అప్పజెప్పించుకునేది. ఒడిలో చాట, చాటలో తడిపిన తునికాకు, చేతిలో కత్తెర. ఆమె నోరు ఏం మాట్లాడినా చేతులు ఆగవు. చేతులు ఆగాయంటే ఏదో ఉన్నట్టు. ఆ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

వానాకాలం చివర ఒక ఆదివారం పొద్దున అరుగు మీద కూర్చున్నాం. అన్న తన మోటరుసైకిళ్ల షెడ్డుకు పోయాడు. వదిన చేతులు ఆగాయి.

"నవనీతా, నీకొక మాట జెప్పాలె. నెలది గాక నడుమ నడుమ గూడ బట్టకు కనవడ్తుందే. బిందె ఎత్తినా కనవడ్తుంది."

"ఎన్ని రోజుల సంది?"

"బోనాలకు ముందుగాల సంది."

"అన్నకు చెప్పినవా?"

"మీ అన్నకు ఏం జెప్తనే? నాలుగు రోజులు దవాఖానకు పో అంటడు, అయిదో రోజు మర్చిపోతడు."

మరునాడు సోమవారం కేంద్రంలో శిబిరం ఉంది. ముప్పై దాటిన ఆడవాళ్లందరూ రావాలని ఆశా వర్కరు ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. అందరికీ పట్టీ కడతారు, అందరినీ అవే ప్రశ్నలు అడుగుతారు.

"ఆ సారు ముంగట ఎట్ల జెప్పుదును? మీ అన్న ఆయన బండి బాగుజేస్తడు. ఇంటికొచ్చి నా చేతి చాయ తాగిపోయిండు," అంది వదిన. తర్వాత, "దీపం వెలగకుండ చెప్పే ఉపాయం లేదానే? నీకెరికే గదా?" అని అడిగింది.

నేను నేర్పాను.

"అట్లాంటిదేం లేదు సారు. అంత మంచిగనే ఉన్నది." ఈ రెండు ముక్కలే. బీడీకి ఒకసారి అనమన్నాను. మొదట్లో ఆ మాట అన్న ప్రతిసారీ ఆమె వేళ్లు ఆకు మీద ఆగేవి. నేను గమనిస్తూ కూర్చున్నాను. ఒక కట్ట పూర్తయ్యేసరికి కొంచెం ఆగేవి. మధ్యాహ్నానికి, దారం ముడి వేస్తూ, బీడీ మూతి మడుస్తూ, ఏమాత్రం తొణకని గొంతుతో ఆ మాట చెప్పేసింది.

"ఇగ వెలగదు వదినే," అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. బతుకమ్మ పండుగ అయిపోగానే హనుమకొండలో మంచి డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకుపోతానని మాటిచ్చాను.

సోమవారం నేను నా మూలలోనే ఉన్నాను. వదిన లోపలికి వచ్చి నా వైపు చూడకుండా కూర్చుంది. సిస్టర్ పట్టీ కట్టింది. ముకుందం గారు రాస్తూ అడిగారు.

"నెల నెలా సరిగ్గానే అయితుందా? నడుమల ఏమన్నా కనబడుతుందా?"

"అట్లాంటిదేం లేదు సారు. అంత మంచిగనే ఉన్నది."

ఆయన పెట్టె వైపు చూశారు. దీపం వెలగలేదు.

"మంచిది తల్లీ. మీ ఆయనను అడిగినట్టు చెప్పు. తర్వాత ఎవరు?"

*

బతుకమ్మ అయిపోయింది. దీపావళి అయిపోయింది. మా ప్రయోగశాలలో నివేదికల పని. మధ్యలో కొన్ని వారాలు వదినకు ఏమీ కనబడలేదు. ఒకసారి నేను అడిగితే, "మంచిగనే ఉన్న. ఆ దీపం గూడ వెలగలే గదనే," అంది. నేను తలూపాను. దీపాన్ని ఎలా మాయ చేశామో తెలిసిన వాళ్లం మేమిద్దరమే. అయినా ఆ రోజు వెలగని దీపాన్ని చూసి ధైర్యం తెచ్చుకున్నాం.

శివరాత్రికి వారం ముందు నల్లా దగ్గర బిందె ఎత్తుతూ వదిన పడిపోయింది. చీర తడిసిపోయింది. ఆ తడి నీళ్లది కాదు.

హనుమకొండలో డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. గర్భసంచి మూతి దగ్గర గడ్డ అంది. పక్కలకు పాకిందని, కోసి తీసే దశ దాటిందని, ఆరు వారాలు రేడియేషన్ కరెంటు పెట్టాలని చెప్పింది. "ఒక ఆరు నెలలు ముందు..." అని ఆగిపోయింది. ఆ ఆగిన మాట ఏమిటో తెలియడానికి నాకు ఏ పెట్టె అవసరమూ రాలేదు.

ముకుందం గారు చూడటానికి వచ్చారు. వరండాలో నిలబడి జేబులోని పెన్నును తీస్తూ, పెడుతూ ఉన్నారు.

"మీ వదిన రికార్డు తీసి చూసిన నవనీతా. దీపం వెలగలేదు."

"అవును సార్."

"వెనకట అయితే రెండోసారి అడుగుదును. దీపం వచ్చినంక ఎందుకో... అడగబుద్ధి కాలేదు." ఆయన నా ముఖంలోకి చూశారు. "ఆమె నీకు గూడ ఏం చెప్పలేదా?"

నేను నేల వైపు చూశాను. ఆయన పెన్ను జేబులో పెట్టి, తప్పంతా తనమీదే వేసుకొని మెట్లు దిగి వెళ్లిపోయారు. నేను పిలవలేదు.

మరో మూడు వారాలకు ప్రయోగశాలలో పండుగలా ఉంది. మూడు వందల కేంద్రాలకు పెట్టెలు వెళ్లబోతున్నాయి. ఆగిన మాట ఎలా ఉంటుందో, ఏదీ ఆగని జవాబు ఎలా ఉంటుందో కొత్త పెట్టెలకు నేర్పడానికి మేడం కొన్ని జవాబులను ఏరి పెట్టారు. వాటికి పేర్లుండవు. అంకెలుంటాయి.

"ఇది విను నవనీతా. రెండు వందల పద్నాలుగు. గొంతులో ఒక్క ముడి లేదు. నిజం చెప్పే మనిషి గొంతు ఇలాగే ఉండాలి. అన్ని పెట్టెలకూ ఇదే మాదిరి పెడుతున్నాను."

మేడం మీట నొక్కారు.

"అట్లాంటిదేం లేదు సారు. అంత మంచిగనే ఉన్నది."

ఆ గొంతు వెనక, చాలా సన్నగా, బయట ఎవరో పిల్ల ఏడుపు కూడా వినబడింది. ఆ ఏడుపు నాకు గుర్తుంది. నేను ఆ గదిలోనే ఉన్నాను.

*

ఆ సాయంత్రమే ఆసుపత్రికి వెళ్లాను. బస్సు ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా, మేడంకు ఏం చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను. మా వదిన అడిగింది, నేను నేర్పాను. మా వదిన అడిగింది, నేను నేర్పాను.

వదిన మంచం మీద ఒరిగి కూర్చొని ఉంది. కరెంటు పెట్టిన చోట మంటగా ఉందంది. వేళ్లు మాత్రం దుప్పటి అంచును చుట్టడం, విప్పడం చేస్తున్నాయి.

"వదినే, నేను మేడంకు చెప్తా. ఆ దీపం సంగతి. నువ్వు ఉపాయం అడిగినవు, నేను నేర్పిన అని చెప్తా. నీ పేరు బయటికి వస్తది. నువ్వు సరే అంటేనే."

వేళ్లు ఆగాయి.

"నేను అడిగిన్నా?"

నేను మంచం పక్కనున్న గ్లాసులో నీళ్లు పోశాను.

"గట్లనే చెప్తవా మీ మేడంకు?"

చేతిలో ఉన్న బస్సు టికెట్టును మడత పెట్టాను.

"బస్సుల ఎన్నిసార్లు అనుకుంట వచ్చినవే ఈ మాట?"

కోపంగా అడగలేదు. చిన్నప్పుడు ఎక్కం తప్పితే అడిగినట్టే అడిగింది. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది.

"పేరొస్తె రానీ. ఇంక నాకేం సిగ్గు? పోయి చెప్పు. గని నేర్చుకొని చెప్పకు."

*

మరునాడు పొద్దున మేడం గదిలోకి వెళ్లి, నాకు పట్టీ కట్టమని అడిగాను. మేడం వింతగా చూశారు. కట్టారు. ఏదో కాగితం మీద సంతకాలు చేస్తూ, "చెప్పు" అన్నారు.

"రెండు వందల పద్నాలుగు మా వదిన గొంతు మేడం. ఆమె చెప్పింది అబద్ధం. దీపం వెలగకుండా ఎట్ల చెప్పాలో నేనే నేర్పిన. ఇప్పుడామె పెద్దాసుపత్రిలో ఉంది."

పెన్ను ఆగింది. ఆమె ముఖం చూసే ధైర్యం లేక నేను దీపం వైపు చూశాను. అది పసుపుగా వెలుగుతూనే ఉంది. మేడం కూడా అటే చూశారు.

"ఇంకేమైనా ఉందా?"

"లేదు మేడం."

దీపం ఆరలేదు. మేడం కాగితాలు పక్కకు జరిపారు. పెన్నుకు మూత పెట్టి బల్ల మీద ఉంచారు. నా నోటుబుక్కును నేను అనుకున్నదానికంటే బాగా ఆమె చదివారని అప్పుడు తెలిసింది.

"ఇంకోసారి అడుగుతున్నాను నవనీతా."

మొదటిరోజు ఇడ్లీలు తిన్న తర్వాత ఏం చేశానో చెప్పాను. నలభైసార్లు చెబితే దీపం వెలగదని రెండేళ్లుగా నాకు తెలుసని చెప్పాను. దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. మేడం అడిగినదానికే ఎదురుచూస్తున్నట్టు కూర్చున్నారు.

"మా వదిన అడగలేదు మేడం," అన్నాను.

ఉపాయం లేదా అని వదిన అడిగినట్టు పైన రాశాను. అది నేను బస్సులో నేర్చుకున్న మాట. ఆ ఆదివారం అరుగు మీద వదిన అన్నది వేరు. "ఆ సారుకైతే చెప్పలేనే. దీపం వెల్గితె వెల్గనీ, గురువారం బండెక్కి డాక్టరమ్మ కాడికి పోత. ఎవరేమనుకుంటె నాకేంది?" అంది. చేతులు ఆగకుండానే అంది. వద్దన్నది నేను. దీపం పెట్టెలో పనిచేసే పిల్ల ఇంట్లోనే దీపం వెలిగిందట అని నల్లా కాడ, బస్టాండు కాడ అనుకుంటారని నాకు భయం వేసింది. ఆ బండి కిటికీలో మా వదిన కనబడితే ఊరంతా చూసేది నన్నే అనిపించింది. సిగ్గు ఆమెది కాదు. నాది. దాన్ని బీడీకి ఒకసారి చొప్పున ఆమె నోట్లో పెట్టాను.

ఇదంతా మేడంకు వరసగా చెప్పలేకపోయాను. ఆగి ఆగి చెప్పాను. దీపం ఎప్పుడు ఆరిందో నేను చూడలేదు.

మేడం పట్టీ విప్పి చేతిలోనే పట్టుకున్నారు. "ఇలా నేర్చుకొని చెప్పినవాళ్లు ఇంకెంతమంది ఉన్నారో," అని మాత్రం అన్నారు. ఆ రోజే పెట్టెల పంపకం ఆపేశారు. నన్ను ఇంటికి పొమ్మన్నారు. మళ్లీ రమ్మంటారో లేదో తెలియదు. ముకుందం గారి దగ్గరికి నేనే వెళ్లి చెప్పాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. బల్ల మీద పెట్టె ఉండే చోటు ఖాళీగా ఉంది. ఆయన పెన్ను, మూతతో సహా, అక్కడే ఉంది.

ఆరు వారాల కరెంటు అయిపోయింది. గడ్డ తగ్గిందా లేదా అన్నది మూడు నెలలు ఆగి చూస్తేగాని తెలియదట. మధ్యలో పదిహేను రోజులకోసారి పరీక్షకు రమ్మన్నారు. అన్న ఎవరిదో కారు అడుగుతానన్నాడు. వదిన వద్దంది.

పెట్టె లేకపోయినా తెల్ల బండి ఊళ్లోకి వస్తూనే ఉంది. గురువారం అది మా ఇంటి ముందు ఆగింది. నల్లా దగ్గర బిందెలు పట్టుకొని నలుగురు నిలబడ్డారు. కిరాణకొట్టు అరుగు మీద ముగ్గురు. మాటలు ఆపి ఇటే చూస్తున్నారు. వదిన బరువు తగ్గి చిన్నపిల్లలా ఉంది. రెక్క పట్టి ఎక్కించాను. లోపల ఇద్దరు పట్టే సీటు ఒకటి ఖాళీగా ఉంది. గాలి తగులుతుందని ఆమెను కిటికీ వైపు జరపబోయాను.

వదిన జరగలేదు.

"కిటికీ దిక్కు నువ్వు కూసో," అంది. "ఊరు నిన్ను జూడనీ."

కూర్చున్నాను. బండి కదిలింది. నల్లా దాకా, కొట్టు దాకా, బస్టాండు దాకా నేను తల దించలేదు. వదిన చెయ్యి నా చేతి మీద ఉంది. వేళ్లు నా కొంగు అంచును చుట్టడం మొదలుపెట్టాయి.